విరాళాల లెక్క, గేటు లోపలి లెక్క: కరోనా కాలంలో కంపెనీల బాధ్యత

2020 ఏప్రిల్ 10న కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది. లాక్‌డౌన్ మొదలై అప్పటికి రెండు వారాలు దాటింది. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఏ ఖర్చు చెల్లుతుంది, ఏది చెల్లదు అని కంపెనీలు అడుగుతున్న ప్రశ్నలకు అందులో జవాబులున్నాయి. పీఎం కేర్స్ నిధికి ఇస్తే చెల్లుతుంది. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇస్తే చెల్లదు. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు ఇస్తే చెల్లుతుంది. మరి పని ఆగిపోయిన రోజులకు సొంత ఉద్యోగులకు, రోజు కూలీలకు ఇచ్చే జీతం మాటేమిటి? అది చెల్లదు. మామూలు రోజుల్లో జీతం ఇవ్వడం ఒప్పందం ప్రకారం, చట్టం ప్రకారం ఉన్న బాధ్యత, లాక్‌డౌన్‌లో ఇవ్వడం యజమాని నైతిక బాధ్యత అని ఆ శాఖ తేల్చింది. కూలీ పైన అదనంగా ఏమైనా ముట్టజెబితే మాత్రం, ఈ ఒక్కసారికి, బోర్డు ప్రకటన, ఆడిటర్ ధ్రువీకరణ ఉంటే సీఎస్ఆర్‌లో రాసుకోవచ్చంది.

లెక్క ప్రకారం ఈ జవాబు సరైనదే. పనివాడికి ఇవ్వాల్సిన కూలీని సమాజసేవ అని చూపించుకోనిస్తే ఇక ఆ చట్టమే అక్కర్లేదు. చిక్కు వేరే చోట ఉంది. విరాళానికి రసీదు ఉంది, పద్దు ఉంది, పేపర్లో ఫొటో ఉంది, వార్షిక నివేదికలో రంగుల పేజీ ఉంది. నైతిక బాధ్యతకు వీటిలో ఒక్కటీ లేదు. కరోనా రెండేళ్లలో మన కంపెనీల పాలనకు ఎదురైన అసలు పరీక్షలు చాలావరకు గేటు లోపలివే. కూలీ అందిందా లేదా, మూసిన ప్లాంటును ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు, బోర్డులో ఎవరైనా ప్రశ్న వేశారా, ధర ఎవరు ఎలా నిర్ణయించారు లాంటివి. చట్టం మాత్రం గేటు దాటి బయటికి వెళ్లిన డబ్బునే శ్రద్ధగా లెక్కపెట్టింది.

ఆ లెక్క ఎక్కడిదో ముందు చూద్దాం. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్ల రూపాయలు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, అంతకు ముందు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఏ పనులన్నది ఏడో షెడ్యూల్ చెబుతుంది. కరోనా కాలంలో ఇలా దేశమంతా కలిపి ఖర్చయింది ఏటా 25 వేల కోట్ల రూపాయలకు కాస్త అటూ ఇటూ. సీఎస్ఆర్‌ను చట్టంతో తప్పనిసరి చేసిన దేశాలు చాలా తక్కువ కాబట్టి ఇది మనవాళ్లు గర్వంగా చెప్పుకునే సంగతి.

అదే చట్టంలో 166వ సెక్షన్ కూడా ఉంది. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. కంపెనీ డైరెక్టర్ వాటాదారుల మేలు ఒక్కటే కాదు, ఉద్యోగుల మేలు, చుట్టుపక్కల జనం మేలు, పర్యావరణ రక్షణ కూడా దృష్టిలో పెట్టుకుని నడుచుకోవాలని ఆ సెక్షన్ నేరుగానే చెబుతుంది. 2019 ఆగస్టులో అమెరికాలో 181 మంది పెద్ద కంపెనీల అధిపతులు ఇక మీదట వాటాదారుల కోసమే పనిచేయం, అందరి కోసం పనిచేస్తాం అని సంతకాలు చేస్తే ప్రపంచమంతా పెద్ద వార్త అయింది. ఆ మాట మన చట్టపుస్తకంలో అప్పటికే ఆరేళ్లుగా ఉంది. అయితే 135కి శాతం ఉంది, కమిటీ ఉంది, ఏటా నింపాల్సిన ఫారం ఉంది. 166కి అలాంటి కొలబద్ద ఏదీ లేదు. కొలబద్ద లేనిదాన్ని బోర్డు ఎజెండాలో పెట్టేవారెవరు?

2020 మార్చి 23న కరోనా పనులకు పెట్టే ఖర్చు సీఎస్ఆర్‌గా చెల్లుతుందని ప్రకటన వచ్చింది. 28న పీఎం కేర్స్ నిధి తెర మీదికి వచ్చింది, అదే రోజు దానికి ఇచ్చే విరాళాలూ చెల్లుతాయన్నారు. మే 26న ఏడో షెడ్యూల్‌నే సవరించి మార్చి 28 నుంచి వర్తించేలా ఆ నిధి పేరు చేర్చారు. నిధి వచ్చిన మార్చి 28 నాటికి ఆర్థిక సంవత్సరం ముగియడానికి మిగిలింది మూడు నాలుగు రోజులే. ఖర్చు కాని సీఎస్ఆర్ డబ్బు చేతిలో ఉన్న కంపెనీకి ఇంతకంటే సులువైన దారి ఉండదు. మొదటి ఐదు రోజుల్లో ఆ నిధిలో చేరింది 3,076 కోట్ల రూపాయలు. 2020-21 చివరికి మొత్తం 10,990 కోట్లు అయింది. అందులో ఆ ఏడాది ఖర్చయింది 3,976 కోట్లు. ఇవి ఆ నిధి తానే బయటపెట్టిన ఆడిట్ లెక్కలు. కాగ్ తనిఖీ దీనికి లేదు. సమాచార హక్కు చట్టం కిందకూ రాదన్నది ప్రభుత్వ వాదన.

ఇందులో రాజకీయం మీద చాలామంది మాట్లాడారు. ముఖ్యమంత్రుల నిధులను పక్కన పెట్టడం మీద రాష్ట్రాలు గట్టిగానే అడిగాయి. పాలన కోణంలో చూస్తే ఇంకో సంగతి ఉంది. ఒక కంపెనీ మండలంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు పది లక్షలు ఇస్తే బిల్లులు, ఫొటోలు, వినియోగ ధ్రువపత్రాలు అడుగుతుంది. సీఎస్ఆర్ కమిటీ ఆ పనిని వెంటబడి చూడాలి కూడా. అదే వందల కోట్లు నిధికి ఇస్తే రసీదుతో పని అయిపోతుంది. డబ్బు ఏమైందో చూసే బాధ్యత కూడా ఆ రసీదుతోనే చేతులు మారుతుంది. పెద్ద మొత్తానికి తక్కువ నిఘా, చిన్న మొత్తానికి ఎక్కువ నిఘా అన్నమాట.

అందరూ ఆ దారే పట్టారని కాదు. టాటా ట్రస్ట్స్ 500 కోట్లు, టాటా సన్స్ 1,000 కోట్లు ప్రకటించాయి. విప్రో, విప్రో ఎంటర్‌ప్రైజెస్, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి 1,125 కోట్లు ప్రకటిస్తూ, ఇది తమ ఏటి సీఎస్ఆర్‌కు అదనం అని స్పష్టంగా చెప్పాయి. ఆ ఒక్క వాక్యం ఉంటే విరాళం అవుతుంది, లేకపోతే ఎలాగూ కట్టాల్సింది కట్టినట్టు అవుతుంది. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చిన విరాళాల జాబితాల్లో ఈ తేడా కనిపించేది కాదు.

కూలీల విషయానికి వస్తే, మార్చి 29న కేంద్ర హోం శాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఒక ఆదేశం ఇచ్చింది. సంస్థ మూతబడినా సరే, పనివాళ్లందరికీ చెల్లించాల్సిన తేదీకి, కోత లేకుండా జీతం ఇవ్వాలని. అంటే మార్చి 29న ఆదేశంగా ఉన్నది ఏప్రిల్ 10 నాటికి ఇంకో శాఖ చేతిలో నైతిక బాధ్యతగా మారింది. మే 18 నుంచి ఆ ఆదేశమే ఎత్తేశారు. జూన్ 12న సుప్రీంకోర్టు, జీతాలివ్వని యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దని, మధ్యలో గడిచిన దాదాపు యాభై రోజుల సంగతి యజమానులూ కార్మికులూ కూర్చుని మాట్లాడుకోవాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఈ లోగా కార్మికుల్లో ఎంతోమంది వందల కిలోమీటర్ల దూరంలోని సొంతూళ్లకు వెళ్లిపోయారు. మాట్లాడుకోవడానికి రెండో పక్షం ఎక్కడుంది?

ఇది ఎలా ఉంటుందో తెలుగు నేల మీదే కనిపించింది. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్ నిర్మాణంలో వేరే రాష్ట్రాల కార్మికులు వేల మంది ఉన్నారు. ఏప్రిల్ 29న వాళ్లు రోడ్డెక్కారు. కూలీ అందలేదు, ఊళ్లకు పంపించండి అన్నది వాళ్ల గోడు. పోలీసులతో ఘర్షణ జరిగింది. రెండు రోజులు తిరక్కుండానే, మే 1 తెల్లవారుజామున, లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో రైలు కదిలింది. దేశంలో మొదటి శ్రామిక్ రైలు అదే. అంతకు ముందు ఐదు వారాలు వాళ్లు సైట్ క్యాంపుల్లోనే ఉన్నారు. అంటే వాళ్ల తిండి, పడక, ఆరోగ్యం, కూలీ అన్నీ ఆ సైట్ నడిపేవాళ్ల చేతిలోనే ఉన్నాయి.

పెద్ద నిర్మాణాల్లో పని సాగే తీరు తెలిసినవాళ్లకు ఇందులో వింత ఏమీ కనపడదు. పైన కంపెనీ, దాని కింద సబ్ కాంట్రాక్టర్, వాడి కింద ఇంకొకడు, చివరికి కార్మికులను ఊరి నుంచి తెచ్చిన మేస్త్రీ. డబ్బు పైనుంచి ఒక్కో మెట్టు దిగి వస్తుంది. పై మెట్టులో బిల్లు ఆగితే కింద కూలీ ఆగుతుంది. కార్మికుడి పేరు కంపెనీ రిజిస్టర్‌లో ఉండదు కాబట్టి కంపెనీ దృష్టిలో అతను ఉద్యోగి కాదు. కానీ చట్టం ఈ సంగతి ఎప్పుడో గ్రహించింది. అప్పుడు అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టర్ కూలీ ఎగ్గొడితే అసలు యజమాని తన జేబులోంచి కట్టి, తరువాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాల్సి ఉండేది. చేసిన పనికి రావాల్సిన బకాయి విషయంలో కొత్త సర్క్యులర్లు, నైతికత గురించిన చర్చ ఏవీ అక్కర్లేదు. అప్పటికి యాభై ఏళ్లుగా ఉన్న సెక్షన్ చాలు. దాన్ని అడిగిన అధికారి ఎంతమంది, బోర్డు ముందు పెట్టిన కంపెనీ సెక్రటరీ ఎంతమంది అన్నదే ప్రశ్న.

రెండో వైపు కూడా చెప్పాలి. హోం శాఖ ఆదేశం మీద కోర్టుకెళ్లినవాళ్లలో చిన్న పరిశ్రమలవాళ్లు చాలామంది ఉన్నారు. నెలకు పది లక్షల బిల్లింగ్ ఉండే వర్క్‌షాప్, ఆర్డరు లేకుండా, వచ్చే బాకీ రాకుండా, రెండు నెలలు అందరికీ పూర్తి జీతం ఇవ్వగలిగే స్థితిలో ఉండదు. బ్రిటన్‌లో ప్రభుత్వమే జీతంలో 80 శాతం దాకా, నెలకు 2,500 పౌండ్ల పరిమితితో, యజమానుల ద్వారా చెల్లించింది. ఇక్కడ వందమంది లోపు ఉన్న సంస్థల్లో నెలకు 15 వేల లోపు జీతాల వాళ్లకు పీఎఫ్ వాటా కట్టడం దగ్గర సాయం ఆగింది. భారాన్ని పూర్తిగా యజమాని మీద వేసి, అది మోయలేనప్పుడు ఆదేశాన్నే వెనక్కి తీసుకున్నారు. ఐతే చిన్నవాడికి బాకీ ఎక్కడ ఆగింది అని అడిగితే మళ్లీ పెద్ద కంపెనీ దగ్గరికే వస్తాం. చిన్న పరిశ్రమల బిల్లులు 45 రోజుల్లో చెల్లించాలని 2006 నుంచే చట్టం ఉంది. ఒక చేత్తో విరాళం చెక్కు మీద సంతకం పెడుతూ ఇంకో చేత్తో సప్లయర్ బిల్లు ఆపడం కష్టమేమీ కాదు. రెండూ వేర్వేరు డిపార్ట్‌మెంట్ల పనులు.

ఇక విశాఖ. 2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తుతూ రోడ్ల మీద పడిపోయిన దృశ్యాలు అందరూ చూశారు. కరోనాకూ దీనికీ సంబంధం ఏమిటి అనుకోవచ్చు. చాలా ఉంది.

స్టైరీన్ ద్రవాన్ని చల్లగా ఉంచాలి. వేడెక్కితే దాని అణువులు ఒకదానితో ఒకటి కలిసిపోవడం మొదలవుతుంది, ఆ కలయికలో ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి కలయిక ఇంకా జోరందుకుంటుంది. ఇది మొదలు కాకుండా టీబీసీ అనే నిరోధక రసాయనాన్ని కలుపుతారు. అది కాలంతో పాటు తగ్గిపోతుంది కాబట్టి ఎప్పటికప్పుడు పరీక్షించి మళ్లీ కలపాలి. ప్లాంటు నడుస్తున్న రోజుల్లో సరుకు వస్తూ పోతూ ఉంటుంది, మనుషులు తిరుగుతూ ఉంటారు, తేడా వస్తే ఎవరో ఒకరి కంట పడుతుంది. లాక్‌డౌన్‌లో ఆరు వారాలు ఆ సరుకు వేసవి ఎండల్లో ట్యాంకులో కదలకుండా ఉండిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన నీరబ్ కుమార్ ప్రసాద్ కమిటీ జులై 6న నివేదిక ఇచ్చింది. చల్లబరిచే ఏర్పాటు, నిరోధకం నిల్వ, ఉష్ణోగ్రత కొలిచే పద్ధతి అన్నింట్లోనూ నిర్లక్ష్యాన్ని ఎత్తి చూపింది. ఉన్న అలారం వ్యవస్థను ఆ రాత్రి వాడనేలేదు. నివేదిక వచ్చిన మర్నాడు కంపెనీ సీఈఓతో సహా 12 మందిని అరెస్టు చేశారు.

అంతకంటే పాత సంగతి ఒకటి ఉంది. ఆ ప్లాంటు చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేకుండా నడుస్తోందని కంపెనీ తానే 2019 మేలో రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు సంస్థకు ఇచ్చిన అఫిడవిట్‌లో ఒప్పుకుంది. ఆ కాగితం దాఖలయ్యాక కూడా ఏడాది పాటు ప్లాంటు నడిచింది. ఉద్యోగుల మేలు, చుట్టుపక్కల జనం మేలు, పర్యావరణం అని 166వ సెక్షన్ చెప్పే మూడూ ఒక్క ట్యాంకు చుట్టూ ఉన్నాయి. సీఎస్ఆర్ నివేదిక ఎంత బాగా రాసినా ఇవి అందులో కనిపించవు. ట్యాంకు మెయింటెనెన్స్ సీఎస్ఆర్ కాదు కదా.

ప్రభుత్వం వైపు ఆలస్యాన్ని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మూసిన పరిశ్రమలను తిరిగి తెరిచేటప్పుడు మొదటి వారాన్ని ప్రయోగాత్మకంగా భావించాలని, ఉత్పత్తి లక్ష్యాల కోసం తొందరపడొద్దని, నిల్వ ఉన్న రసాయనాలను ముందు చూసుకోవాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. మంచి మార్గదర్శకాలే. తేదీ మే 9. ఆ తరువాత కూడా విశాఖ కుదుటపడలేదు. జూన్ చివర్లో పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో గ్యాస్ లీకై ఇద్దరు, ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. అన్నిటికీ కారణం లాక్‌డౌనే అనడం తొందరపాటు అవుతుంది. కానీ మనుషులు తగ్గి, పనులు ఆగి, మళ్లీ హడావుడిగా మొదలయ్యే కాలంలో ప్రమాదం ఎక్కువని ఫ్యాక్టరీల్లో ఏ ఫిట్టర్‌ను అడిగినా చెబుతాడు. అది బోర్డు దాకా చేరే దారి ఉందా అన్నదే పాలన.

ఆ కాలంలో బోర్డుల మీద ఉన్న బరువును ప్రభుత్వం తగ్గించింది. 2020 మార్చి 24 సర్క్యులర్‌తో రెండు బోర్డు సమావేశాల మధ్య ఉండదగిన గడువు 120 రోజుల నుంచి 180కి పెరిగింది. స్వతంత్ర డైరెక్టర్లు యాజమాన్యం లేకుండా ఏడాదికి ఒక్కసారైనా విడిగా కూర్చోవాలన్న నియమాన్ని 2019-20లో పాటించకపోయినా తప్పుగా చూడబోమన్నారు. ఫైళ్లు, ఆడిట్లు, ప్రయాణాలు అన్నీ ఆగిపోయిన వేళ గడువులు పెంచడంలో అర్థం ఉంది. స్వతంత్ర డైరెక్టర్ల సమావేశం సంగతి అలా కాదు. వీడియో కాల్ చాలు దానికి. కంపెనీ ఎన్నడూ చూడని ముప్పులో ఉన్నప్పుడే బయటి మనిషి ప్రశ్న ఎక్కువ అవసరం. సరిగ్గా అప్పుడే ఆ సమావేశం ఐచ్ఛికమైంది. మార్చి 25 నుంచి ఏడాది పాటు జరిగిన ఎగవేతల మీద దివాలా చట్టం కింద కేసులు వేసే వీలు లేకుండా చేశారు. అదే సవరణలో, ఆ కాలపు ఎగవేతల విషయంలో డైరెక్టర్ల వ్యక్తిగత బాధ్యతను అడిగే ఒక దారినీ మూసేశారు. మంచి కంపెనీ ఊపిరి పీల్చుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు, అప్పటికే మునిగిపోతున్న కంపెనీని నడిపినవాళ్లకూ గొడుగు అయింది.

నియంత్రణ సంస్థలన్నీ చూసీ చూడనట్టు పోయాయని కాదు. లాభాలు పంచుకోవడం కంటే మూలధనం దాచుకోవడం ముఖ్యమని రిజర్వ్ బ్యాంకు 2020 ఏప్రిల్ 17న బ్యాంకుల డివిడెండ్లను ఆపింది, డిసెంబర్‌లో 2019-20 లాభాల మీద పూర్తిగా వద్దంది. కరోనా వల్ల వ్యాపారానికి, నగదుకు, అప్పులు తీర్చే శక్తికి ఏం జరిగిందో దాచకుండా చెప్పండని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ మే 20న లిస్టెడ్ (మార్కెట్లో నమోదైన) కంపెనీలకు సూచించింది. వాటాదారుల వార్షిక సమావేశాలు ఆన్‌లైన్‌కు మారాయి. అంతకు ముందు ముంబైలో మీటింగ్ అంటే వరంగల్‌లో పది షేర్లు ఉన్న రిటైర్డ్ టీచర్‌కు దూరపు మాట. ఇప్పుడు ఫోన్లోనే చూడొచ్చు. చూడటం సులువైంది గానీ, మాట్లాడాలంటే ముందే పేరు నమోదు చేసుకోవాలి, మైకు ఆన్ చేసే మీట కంపెనీ చేతిలో ఉంటుంది. హాల్లో లేచి నిలబడి గొంతెత్తేవాళ్లకు ఆ మీట లేదు.

2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్ వచ్చేసరికి డబ్బు కన్నా ఆక్సిజన్ ముఖ్యమైంది. ఏప్రిల్ 22న తాత్కాలిక ఆస్పత్రుల ఏర్పాటును, మే 5న ఆక్సిజన్ ఉత్పత్తి, నిల్వ ప్లాంట్లను సీఎస్ఆర్‌గా చెల్లే పనుల్లో చేర్చారు. ఉక్కు కర్మాగారాల్లో ఆక్సిజన్ ప్లాంట్లు ఎలాగూ ఉంటాయి, అక్కడి ద్రవ ఆక్సిజన్ ఆస్పత్రులకు మళ్లింది. దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖ స్టీల్ ప్లాంటులో ట్యాంకర్లు నింపుకుని ఏప్రిల్ 22 రాత్రి మహారాష్ట్రకు బయలుదేరింది. అదే ప్లాంటులో నూరు శాతం వాటా అమ్మేయడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం ఆ ఏడాది జనవరి 27న ఆమోదం తెలిపి ఉంది. గేటు బయట ఉద్యోగులు దీక్షల్లో ఉన్నారు, లోపల ట్యాంకర్లు నిండుతున్నాయి. నష్టాల్లో ఉన్న సంస్థకు 2 శాతం లెక్క వేయడానికి లాభమే ఉండదు. 135వ సెక్షన్ లెక్కలో దాని సామాజిక బాధ్యత ఎంత అని అడిగితే వచ్చే అంకె, ఆ రాత్రి అది చేసిన పనిని ఏ రకంగానూ చెప్పదు.

టీకాల ధరల దగ్గర ఇంకో రకం ప్రశ్న వచ్చింది. కేంద్రానికి డోసు 150 రూపాయలకు ఇస్తున్న సీరం ఇన్‌స్టిట్యూట్, 2021 ఏప్రిల్‌లో కోవిషీల్డ్‌ను రాష్ట్రాలకు 400, ప్రైవేటు ఆస్పత్రులకు 600 అంది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ కోవాగ్జిన్‌ను రాష్ట్రాలకు 600, ప్రైవేటుకు 1,200 అంది. గొడవయ్యాక రాష్ట్రాల ధరలు 300కు, 400కు తగ్గాయి. వారం రోజుల్లో అంత తగ్గించగలిగితే మొదటి అంకె ఎలా వచ్చింది అని ఎవరికైనా అనిపిస్తుంది. 150కే ఇస్తూ పోతే నిలబడలేమన్నది భారత్ బయోటెక్ వాదన. ఫ్యాక్టరీల విస్తరణకు సొంత డబ్బు పెట్టిన కంపెనీ ఆ మాట అనడంలో న్యాయం లేకపోలేదు. అయితే కోవాగ్జిన్ ఒక్క కంపెనీ సొత్తు కాదు. వైరస్‌ను వేరు చేసి ఇచ్చింది ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్, అమ్మకాల్లో దానికి 5 శాతం రాయల్టీ ఉంది. ప్రజల సొమ్ము కలిసిన సరుకుకు ధర ఎలా కట్టారో చెప్పమని అడిగే హక్కు జనానికి ఉంటుంది. 18 నుంచి 44 ఏళ్లవాళ్లకు డబ్బులు కట్టించుకునే విధానం ఏకపక్షం, అహేతుకం అని పైకి కనిపిస్తోందని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. కొద్ది రోజుల్లోనే, జూన్ 7న, కొనుగోలును మళ్లీ కేంద్రమే తీసుకుంటున్నట్టు ప్రధాని ప్రకటించారు.

ఆస్పత్రుల గురించి రెండు మాటలు చాలు. తెలంగాణ ప్రభుత్వం 2020 జూన్‌లో ప్రైవేటు ఆస్పత్రులకు రోజుకు ఐసోలేషన్ 4,000, ఐసీయూ 7,500, వెంటిలేటర్‌తో 9,000 అని పరిమితి పెట్టింది. పీపీఈ కిట్లు, ఖరీదైన మందులు అందులోకి రావు. బిల్లులు ఆ సందులోంచే పెరిగాయి. ఆగస్టులో రెండు ఆస్పత్రులకు కరోనా వైద్యం అనుమతి రద్దు చేసే దాకా వెళ్లింది వ్యవహారం. ఆ కాలంలో బిల్లు చేతికొచ్చిన కుటుంబాల టెన్షన్ గురించి తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

మంచి నిర్ణయాలూ లేకపోలేదు. వాటిలో అన్నిటికంటే చెప్పుకోదగ్గది 2021 మేలో టాటా స్టీల్ చేసింది. కరోనాతో చనిపోయిన ఉద్యోగి కుటుంబానికి, ఆ ఉద్యోగి బతికుంటే 60 ఏళ్లు నిండే దాకా, చివరి జీతం అందుతుందని ప్రకటించింది. ఇది ఒకసారి ఇచ్చే చెక్కు కాదు. కొన్ని కుటుంబాల విషయంలో పాతికేళ్ల పాటు కంపెనీ పద్దుల్లో నిలిచే భారం. సీఎస్ఆర్‌లో పైసా కూడా చూపించుకోవడానికి లేదు, ఎందుకంటే ఉద్యోగుల మేలు కోసమే చేసిన ఖర్చును సీఎస్ఆర్ నిబంధనలు ఒప్పుకోవు. జులై 30న టీకాలు వేయించడాన్ని చేర్చినప్పుడు కూడా ఉద్యోగులూ వాళ్ల కుటుంబాలూ కాని వాళ్లకు వేయిస్తేనే అని షరతు పెట్టారు. మళ్లీ అదే గీత. గీత గీయడంలో తర్కం ఉంది. గీతకు లోపలివైపు ఉన్న పనిని ఎవరు అడుగుతారన్నదానికే జవాబు లేదు.

కరోనా నడుస్తుండగానే రెండు మార్పులు వచ్చాయి. 2021 జనవరి 22 నుంచి సీఎస్ఆర్ ఖర్చు పెట్టకపోతే కారణం చెప్పి తప్పించుకునే వీలు పోయింది. మిగిలిన డబ్బును గడువులోగా నిర్దేశిత నిధికి గానీ ప్రత్యేక ఖాతాకు గానీ మార్చాలి, లేకపోతే జరిమానా. ఇచ్చిన డబ్బు అనుకున్న పనికే వాడారని కంపెనీ ఆర్థిక అధికారి ధ్రువీకరించాలి. ఇది బయటి లెక్కను ఇంకా గట్టి చేసింది. రెండోది లోపలి లెక్కకు సంబంధించింది. 2021 మేలో సెబీ తెచ్చిన బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) అనే నివేదికలో, మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు, ఉద్యోగులతో పాటు కార్మికుల సంఖ్యను, అందులో పర్మనెంట్ ఎందరో కానివాళ్లు ఎందరో విడదీసి చెప్పాలి. పని చోట ప్రమాదాలు, మరణాలు, కనీస వేతనాలు, ఫిర్యాదులు అన్నీ రాయాలి. 2022-23 నుంచి ఇది తప్పనిసరి. కాంట్రాక్టు కార్మికుడు కంపెనీ వార్షిక పత్రాల్లో ఒక అంకెగానైనా కనిపించడానికి ఇన్నేళ్లు పట్టింది. సప్లయర్ల దగ్గర పరిస్థితి ఏమిటన్నది చెప్పే భాగాన్ని మాత్రం 2025లో ఐచ్ఛికం చేశారు.

ఈ నివేదిక స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలకే. సీరం ఇన్‌స్టిట్యూట్, భారత్ బయోటెక్ రెండూ కుటుంబాల చేతిలో ఉన్న అన్‌లిస్టెడ్ సంస్థలు. విశాఖ ఎల్జీ పాలిమర్స్ కొరియాలోని ఎల్జీ కెమ్‌కు పూర్తి అనుబంధ సంస్థ, ఇక్కడి ఏ ఎక్స్ఛేంజీలోనూ దాని షేరు లేదు. బీఆర్ఎస్ఆర్‌లోని ఒక్క ప్రశ్న కూడా ఈ మూడింటినీ అడగదు.